సైకిలు మీదినుండి పడినవాడు మరల ఎక్కుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభ గనుక కావ్యములను గూర్చియో గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగము జరుగునని పలువురు ఎదురుచూచి యుందురు. సైకిలును గూర్చి ఉపన్యాస మేమని కొందరు నవ్వుకొనుచున్నారు కూడ. నవ్వవచ్చును. కాని ప్రతి సాయంకాలము ఈ గ్రంథాలయపు గోడకు చేరవేసి యుండు వాహన మేది? పొరుగు పల్లెలనుండి భారతమో నవలయో క్యారియరుకు బిగించి తెచ్చి మరల కొనిపోవునది ఏది? ఈ యింట దానికిని ఒక పూట గౌరవము చెల్లును.

మన గ్రామమునుండి జీవనార్థమై హైదరాబాదు పాతబస్తీకి పోయిన యువకు డొకడు కలడు. పేరు చెప్పవలదని అతడే కోరినాడు గనుక చెప్పుట లేదు. ఊరిలో అందరకును తెలిసినవాడే. అతనికి ఛత్తా బజారులో ఒక అచ్చుకూటమున పని. ఛత్తా బజారు అనగా శుభలేఖల బజారు. ఉర్దూ, తెలుగు, ఆంగ్లము, హిందీ, ఏ భాషలో పెండ్లి పిలుపు కావలసినను ఆ సందులలో అచ్చగును. అచ్చయిన కట్టలను సైకిలు మీద వేసికొని మదీనా కూడలి దాటి, నయాపుల్ మీదుగా మూసీ నది నుత్తరించి, అఫ్జల్‌గంజికి, కోఠీకి చేర్చుట అతని విధి. కాగితము చూచుటకు చిన్నది గాని బరువున ఇనుమునకు చెల్లెలు. వేయి శుభలేఖల కట్ట ఎత్తినవానికి ఆ సంగతి తెలియును.

రెండేండ్ల క్రిందట శ్రావణ మాసమున, ముహూర్తములు ముమ్మరముగా నున్న దినములలో, చినుకు పడుచుండగా, అతడు మదీనాకును నయాపుల్‌కును నడుమ పడినాడు. ముందు పోవుచున్న ఆటో ఎవరో చేయెత్తగా టక్కున నిలిచినది. ఇతడు కుడిచేతి బ్రేకు బిగించినాడు. ముందు చక్రము నిలిచినది, వెనుకనున్న బరువు నిలువలేదు. మనిషి హేండిలు మీదుగా పోయి, రెండు చేతులు చాచి నేల నానుకొనెను. ఎడమ భుజముచెంత మెడయెముక విరిగెను. శుభలేఖలు నీటిలో తేలినవి.

ఎముక ఆరు వారములలో అతుకుకొన్నది. ధైర్యము అతుకుకొనలేదు. ఈ సభలో ముఖ్యముగా విన్నవించవలసిన దీ సంగతియే. మూడు నెలలు అతడు సైకిలు ముట్టలేదు. బస్సు వెనుకనుండి హారను మ్రోగించినచో నడచుచున్నవాడు సైతము గోడకు అంటుకొనిపోయెడివాడు. కట్టలు మోయుటకు యజమాని మరియొకని పెట్టుకొనెను, ఇతనికి కత్తిరింపు బల్లవద్ద తక్కువ కూలి పని దొరకెను. నెల తిరుగగనే ఇంటికి వచ్చు పైకము సగమయ్యెను. ఇది భయము ఖరీదు. చిట్టాలో ఏ పద్దు క్రింద వ్రాసికొందురో వ్రాసికొనుడు.

పొలము గట్టు తగవు వచ్చినప్పుడు మొదట గొలుసు వేసి కొలువవలెను గాని కేకలు వేయరాదు. అట్లే పడిన మనుష్యుడు మొదట తెలిసికొనవలసినది తా నెందుకు పడెనో. గ్రహచారమని, దిష్టి యని, ఆటోవాని తప్పని అనుకొన్నంత కాలము భయము పోదు. గ్రహచారము మరల రావచ్చును, ఆటోలు ఎల్లప్పుడును ఉండును. కారణము తెలిసినప్పుడు మాత్రమే అది మన చేతిలోనికి వచ్చును.

లెక్క చూడుడు. గంటకు 18 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు ఒక సెకనునకు 5 మీటర్లు కదలును. కంటికి అడ్డము కనబడి చేయి బ్రేకు నొక్కుటకు సుమారొక సెకను పట్టును; ఆ 5 మీటర్లు ముందే ఖర్చు. తరువాత మంచి బ్రేకు పొడినేల మీద ఆపుటకు మరియొక 3 మీటర్లు కావలయును. మొత్తము 8 మీటర్లు. తడిసిన రిమ్ము మీద రబ్బరు జారును; పట్టు సగమైనచో ఆ 3 మీటర్లు 6 అగును, మొత్తము 11. వేగము రెట్టింపైనచో బ్రేకు పట్టిన పిమ్మట పోవు దూరము రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మన యువకునికి ఆటోకును నడుమ ఎంత యెడమున్నది? అతని మాటలోనే, రెండు బారలు. బ్రేకు పట్టుటకు ముందే ఆ రెండు బారలు అయిపోయినవి. అతడు పడుట ఆ క్షణమున జరిగినది కాదు, అంత దగ్గరగా వెంబడించినప్పుడే జరిగినది.

ఇంక బ్రేకు సంగతి. సైకిలును ఎక్కువగా ఆపునది ముందు బ్రేకే, ఏలయన ఆగునప్పుడు బరువంతయు ముందుకు వచ్చి ముందు చక్రమును నేలకు అదుమును. కాని దానినొక్కదానినే ఒక్క పట్టున బిగించినచో వెనుక చక్రము లేచును. రెండును కలిపి, పిడికిలి మెల్లమెల్లగా బిగించుచు, వంటిని సీటుపై వెనుకకు జరుపుట పద్ధతి. తడినేల మీద మలుపు తిరుగుచు బ్రేకు పట్టరాదు. మలుపునకు ముందే పట్టి వదలివేయవలయును. చార్మినారు చుట్టును పాదచారుల కొరకు పరచిన రాళ్ళు వాన పడినప్పుడు నున్నగా మెరయును. మెరుపు అందముగానే ఉండును, చక్రమునకు మాత్రము అది పట్టు విడుచు చోటు. నీరు నిలిచిన గుంట ఎంత లోతో పైకి తెలియదు, దాని అడుగున మురుగు కాలువ మూత ఉన్నదో లేదో అంతకన్న తెలియదు. 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి పాతబస్తీ కాలనీలు మునిగిన దినములలో ఈ సంగతి నగరమంతయు గుర్తించినది. నీటిలో దారి కనబడనిచో దిగి నడిపించుకొని పోవుటలో నామర్దా లేదు.

లారీ గాని బస్సు గాని ఎడమకు తిరుగబోవునప్పుడు దాని ఎడమ ప్రక్కన చేరుట అన్నిటికంటె చెడ్డ పొరపాటు. డ్రైవరుకు ఆ చోటు కనబడదు. ఆగియున్న కార్ల వరుస ప్రక్కన పోవునప్పుడు తలుపు తెరచుకొనునంత యెడము, ఒక మీటరైనను, విడువవలయును. ఇవి రెండును గుర్తున్నచో నగరపు రాకపోకలలో సగము భయము తీరును.

పడిన తక్షణమే లేచి, దులుపుకొని, నలుగురును చూచుచున్నారను సిగ్గుతో సైకిలెక్కి పోవుట మన యలవాటు. అది మంచిది కాదు. ముందుగా మనిషిని రోడ్డు ప్రక్కకు చేర్చవలయును. తలకు దెబ్బ తగిలి తలనొప్పి పెరుగుచున్నను, వాంతి యైనను, మాట తడబడినను, జరిగినది జ్ఞాపకము లేకున్నను, ఆలసింపక వైద్యుని వద్దకు పోవలయును; ఆ దినమున మరల సైకిలెక్కరాదు. దోకుకొనిపోయిన గాయమును శుభ్రమైన నీటితో, సబ్బుతో ఇసుక పోవునట్లు కడిగి, ధనుర్వాతపు సూది వేయించుకొని ఎంతకాలమైనదో వైద్యునికి చెప్పవలయును. పసుపు అద్దుట, బూడిద చల్లుట పెద్దలు చేసినదే యైనను కడుగని గాయము మీద ఏది చల్లినను చీమును లోపల మూసిపెట్టుటే.

ఇప్పుడు ధైర్యము సంగతి. విరాటపర్వములో ఉత్తర కుమారుని కథ మీకందరకును తెలిసినదే. అంతఃపురములో స్త్రీల యెదుట కౌరవసేన నంతయు ఒక్కడే జయించెదనన్నాడు. సముద్రము వంటి సేనను చూడగనే రథము దుమికి పరుగెత్తినాడు. మన మా ఘట్టమును చదివి నవ్వుకొని ఊరకుందుము. కాని తరువాత అర్జునుడు చేసినదేమి? పరుగెత్తువానిని పట్టుకొని తెచ్చినాడు, తిట్టలేదు. ఇంటికి పొమ్మనియు అనలేదు. వెంటనే యుద్ధము చేయుమనియు అనలేదు. చేయగలిగిన చిన్నపని ఒకటి అప్పగించినాడు: నీవు పగ్గములు పట్టుము, మిగిలినది చూచుకొందును అని. ఆ పగ్గములు పట్టిన చేతులతోనే ఉత్తరుడు ఆ మహాయుద్ధమంతయు తిరిగినాడు. దీనికి ఎదురుగా కర్ణపర్వములో శల్యుని సారథ్యమున్నది. కర్ణుని వంటి వీరుని ప్రక్కన కూర్చుండి, నీవెంత, అర్జును డెంత అని మాటమాటకు పొడిచినాడు. పడి లేచినవాని యింటిలో శల్యులే యెక్కువ. ఆ సైకిలు అమ్మివేయుమని తల్లి, నీకు రాసిపెట్టి లేదని మేనమామ, మొదటినుండియు నీకు తొక్కుట రాదని నేస్తులు. ప్రేమచేతనే అందురు. ఫలము మాత్రము శల్యసారథ్యపు ఫలమే.

2021 సంవత్సరపు వేసవిలో పాతబస్తీ విద్యార్థి యొకడు వానలో సైకిలు తొక్కి ఇంటింటికి ఆహారపు పొట్లములు చేర్చుచుండగా చూచి, నగరవాసులు చందాలు వేసికొని అతనికి మోపెడు కొనిపెట్టిరి. దయగల పని, కాదనుటకు లేదు. అయినను సైకిలు తొక్కువానిని చూచి జాలిపడిన నగరము, సైకిలునకు తగిన దారి లేదని జాలిపడుట తక్కువ. 2023 అక్టోబరు 1వ తేదీన వెలుపలి వర్తుల రహదారి ప్రక్కన, సౌరఫలకముల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరచిరి. చూడదగినదే. కాని అది నగరమునకు పడమటి అంచున నున్నది. శుభలేఖలు మోయువాడు దానిమీదుగా కోఠీకి చేరడు.

మన యువకునికి అర్జునుని వంటివాడు షాలిబండలో దొరకినాడు. ఒక వృద్ధుడు, సైకిలు మేస్త్రీ. ఒకప్పుడు ఆయన గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చెడి దుకాణము నడపినాడు. హైదరాబాదులో అట్టిదానిని సైకిల్ టాక్సీ అనెడివారు. వంగిన ఫోర్కు చూపుటకు యువకుడు అచటికి నడిపించుకొని పోయినాడు, అమ్మివేయవలెననియే.

“చాచా, దీనికి ఎంత వచ్చును?” అని అడిగినాడు.

“బేటా, బండి పడిందా, నువ్వు పడ్డావా?” అని ఆయన అడిగినాడు.

“ఇద్దరము పడితిమి.”

“అయితే ఇద్దరినీ బాగు చేయాలె. ముందు దానిది చూద్దాం, అది తొందరగా అవుతది.”

ఆయన ముందు చక్రమును ఎత్తి త్రిప్పి, బ్రేకు రబ్బరునకు ఎచట రాసుకొనుచున్నదో చూచి, పుల్లలు బిగించి బెండు తీసినాడు. హేండిలును చక్రమునకు సరిపెట్టినాడు. ఫోర్కును మాత్రము సరిచేయలేదు. వంగిన దానిని సాగదీసినచో కంటికి సరిగా కనబడును గాని లోపల బలహీనత ఉండునని చెప్పి, క్రొత్తది వేసినాడు. పడిన సైకిలు విషయమున ఇది గట్టిగా పట్టుకొనదగిన మాట. ఫోర్కు విరిగినచో పట్టుకొనుటకు ఏమియు మిగులదు. ఈ కాలమున ఖరీదైన పందెపు సైకిళ్ళను కార్బను నారతో చేయుచున్నారు. వానిలో పగులు పైరంగు క్రింద దాగి యుండును, ఇంకను జాగ్రత్త కావలయును.

తరువాత మనిషి మరమ్మతు. పాతబస్తీ బజారులు ప్రొద్దెక్కిన తరువాత గాని తెరువరు. తెల్లవారుజామున పత్థర్‌గట్టి కమానుల క్రింద పావురములు తప్ప ఎవరును ఉండరు. మొదటి వారము మేస్త్రీ అతనిని సైకిలు తొక్కనీయలేదు. ఉదయము గుల్జార్ హౌజు చుట్టును నడిపించుకొని తిరుగుమన్నాడు. రెండవ వారము సీటు దింపి, రెండు పాదములును నేలకానునట్లు చేసి, పెడళ్ళు ముట్టక కాళ్ళతో నెట్టుకొని పొమ్మన్నాడు. పిల్లలవలె అట్లు పోవుటకు అతనికి సిగ్గు కలిగినదట. తరువాత సుద్దతో గీత గీసి, ఆ గీతవద్ద సరిగా ఆగుమన్నాడు. ముందు వెనుక బ్రేకుతో, పిమ్మట రెండింటితో, ఆ పిమ్మట రోడ్డు మీద నీరు చల్లి. వందసార్లు ఆగినవానికి ఆగుటను గూర్చి భయమేమి? నాలుగవ వారము క్యారియరుపై ఇసుక మూట కట్టినారు. అప్పుడే తెలిసినది, కట్ట ఒక ప్రక్కకు ఒరిగినచో హేండిలు ఆ ప్రక్కకే లాగుననియు, పడిన దినమున తన కట్ట ఒరిగియే ఉన్నదనియు.

ఆ తరువాత ఒక ఆదివారము ఉదయము అతడు నయాపుల్ దాటి సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమువరకు పోయినాడు. 1901లో స్థాపితమైన ఆ నిలయపు మెట్లవద్ద సైకిలు నిలిపి, లోపల కొంతసేపు పత్రిక చదువుకొని తిరిగి వచ్చినాడు. పడిన చోటును పోవునప్పుడొకసారి, వచ్చునప్పుడొకసారి దాటినాడు. పోవునప్పుడు దిగి నడిచినాడట. వచ్చునప్పుడు దిగలేదు.

ఇంతకంటె పెద్ద ఉదాహరణ మా నగరముననే కలదు. ఆదిత్య మెహతా అను హైదరాబాదీయుడు రోడ్డు ప్రమాదమున ఒక కాలు పోగొట్టుకొని, పిమ్మట సైకిలు పట్టి, 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు రజత పతకములు గెలిచినాడు. ఆయన పేరిట నున్న సంస్థ అవయవములు కోల్పోయినవారికి, అందును గాయపడిన సైనికులకు, ఆటలలో శిక్షణ నిచ్చుచున్నది. రజతోత్సవమున రజత పతకము మాట అనుకోకుండ వచ్చినది.

సామగ్రి సంగతి చెప్పక ముగించిన నేటి యువకులు ఒప్పుకొనరు. సంతలో ఎడ్లను కొనునప్పుడు మనము పళ్ళు చూతుము, గిట్టలు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. కొమ్ములకు పూసిన రంగు చూచి కొనము. సైకిలు దుకాణములో మాత్రము రంగే చూతుము. ముందు చూడవలసినది కొలత. సైకిలు నడిమి కడ్డీకి అటునిటు కాళ్ళు వేసి నిలిచినప్పుడు మడమలు నేల కానవలయును, కడ్డీ తగులరాదు. సీటుపై కూర్చుండి మడమను క్రింది పెడలు మీద ఉంచినచో మోకాలు ఇంచుమించు తిన్నగా రావలయును. పెరుగునని చెప్పి పిల్లవానికి పెద్ద సైకిలు కొనుట చొక్కా విషయమున చెల్లును గాని సైకిలు విషయమున చెల్లదు. ధైర్యము తిరిగి వచ్చువరకు మాత్రము సీటు కొంచెము దించి ఉంచుకొనుటలో తప్పులేదు.

తరువాత బ్రేకు, టైరు. డబ్బు తక్కువైనచో గేర్లు మానుకొనుడు, ఈ రెండింటిలో మానుకొనవలదు. వానలో బరువు మోయువానికి డిస్కు బ్రేకు మేలు, ఏలయన తడిసిన రిమ్ముతో దానికి పని లేదు. అది కొనలేనివాడు ఇనుప రిమ్ము బదులు అల్యూమినియపు రిమ్ము, అరుగని రబ్బర్లు వేసికొన్నచో చాలును. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు గాలి నింపిన టైరునకు పేటెంటు పొందిన నాటినుండియు దాని సుఖమంతయు గాలిలోనే ఉన్నది. ఎంత గాలి పట్టవలయునో టైరు ప్రక్కననే అచ్చువేసి యుండును. చదువనేర్చినవారు సైతము చదువరు. గుంటల దారికి సన్నని పందెపు టైరు తగదు, వెడల్పైనది కావలయును.

కర్ణునికి కవచ కుండలములు పుట్టుకతో వచ్చినవి. మనకు పుట్టుకతో వచ్చినది పుర్రె యొక్కటే, అదియు పలుచనిది. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము మోటారు సైకిలు వారికి హెల్మెటు విధించినది గాని సైకిలు వారికి కాదు. చట్టము అడుగలేదు గనుక అక్కరలేదనుకొనుట పొరపాటు. కజకిస్తాను దేశపు పందెగాడు ఆండ్రీ కివిలెవ్ 2003 మార్చిలో ఫ్రాన్సులో పారిస్–నీస్ పందెమున పడి, తలకు దెబ్బ తగిలి మరణించెను. అప్పుడు అతని తలపై హెల్మెటు లేదు. ఆ యేడే అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య పందెములలో దానిని తప్పనిసరి చేసెను. హెల్మెటు కనుబొమలకు రెండు వ్రేళ్ళ పైన సమముగా కూర్చుండవలయును, వెనుకకు టోపీవలె వాలరాదు. గడ్డము క్రింది పట్టీలో రెండు వ్రేళ్ళు మాత్రము దూరవలయును. లోపలి నురుగు ఒకసారి నలిగి తలను కాచును. దెబ్బ తిన్నదానిని, పైకి చెక్కుచెదరక కనబడినను, మరల వాడరాదు. అది తన ఋణము తీర్చుకొన్నది.

రాత్రికి ముందు తెల్లదీపము, వెనుక ఎఱ్ఱదీపము. పూర్వము దీపము లేని సైకిలును పోలీసులు ఆపెడివారని పెద్దలు చెప్పుదురు. ఇప్పుడు ఆపుట లేదని సంతోషింప నక్కరలేదు, లారీ ఆపదు గదా. చేతులకు తొడుగు ఉన్నచో అరచేయి తోలు మిగులును. ఇంతకు మించిన అలంకారములు, అద్దపు కళ్ళజోళ్ళు, బిగుతు దుస్తులు, ఉన్నవారు వేసికొందురు గాక. బరువు మోయువానికి కళ్ళజోడుకన్న గట్టి క్యారియరు, రెండు రబ్బరు పట్టీలు ముఖ్యము. బరువును వెడల్పుగాను, క్రిందుగాను, సమముగాను కట్టవలయును. తడిసిననాడు ముందువానికిని తనకును నడుమ ఎడము రెట్టింపు చేయవలయును.

మన యువకుడు ఇప్పుడు ఆ యచ్చుకూటముననే పాత పనిలో నున్నాడు. వాన పడినచో ఇప్పటికిని నయాపుల్ చెంత భుజము లాగునట. లాగినప్పుడు వేగము తగ్గించునట. ఈ సభకు మీ కందరకును అందిన ఆహ్వాన పత్రికలు ఛత్తా బజారులో అచ్చయినవే. అచటినుండి ఇమ్లీబన్ బస్సు స్టేషనులో మన ఊరి బస్సువరకు వానిని చేర్చినది అతడే, సైకిలు మీద, జల్లు పడుచుండగా. ఒక్క పత్రికయు తడియలేదు.